ఆపరేషన్ అయిన ఇంట్లో నిరోధ్ మాట

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల ఆస్పత్రులలో పనిచేసిన ఏ వైద్యుడిని అడిగినా ఒక మాట చెబుతాడు. గర్భాశయ వాపుతోనో, తెల్లబట్టతోనో వచ్చిన స్త్రీకి మందులిచ్చి, కొంతకాలం భర్తను నిరోధ్ వాడమని చెబితే, ఆమె ఆశ్చర్యంగా చూసి, "నాకు ఆపరేషనయింది గద సారూ, ఇంక గదెందుకు మాకు?" అంటుంది. పక్కనున్న భర్త కూడ తల ఊపుతాడు. ఆ మాటలో అజ్ఞానం ఉన్నదని నేననను. ప్రభుత్వం అరవై ఏళ్ళుగా ఆమెకు నేర్పినది అదే. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్, ఆపరేషన్ కాకపోతే నిరోధ్. ఈ రెండింటి మధ్య వ్యాధి అనే మూడవ మాటకు చోటు లేకుండా పోయింది. ఎలా పోయిందో, దానికి మన పాలమూరు ఎంత మూల్యం చెల్లించిందో ఈ వ్యాసంలో మీ ముందుంచుతాను. కొంచెం దూరం నుండి మొదలుపెట్టాలి, ఓపిక పట్టండి.

సుఖవ్యాధి అన్న పేరు ఎవరు పెట్టారో గాని, ఆ వ్యాధితో నా ఎదుట కూర్చున్నవారిలో సుఖపడినవారిని నేను అరుదుగా చూశాను. పాతకాలం వారు సెగ అన్నారు, సవాయి అన్నారు. మూత్రం పోసేటప్పుడు నిప్పు తగిలినట్టు మండుతుంది గనుక మొదటి పేరు అతికినట్టు సరిపోయింది; నేటి భాషలో అది గనోరియా. రెండవది సిఫిలిస్. మన వైద్య గ్రంథాలలో దీనికి మరొక పేరున్నది, ఫిరంగ రోగం. 16వ శతాబ్దంలో భావమిశ్రుడు రచించిన భావప్రకాశంలో ఈ పేరు కనిపిస్తుంది. ఫిరంగులంటే ఐరోపావారు. 1498లో వాస్కో డ గామా కాలికట్టు తీరం చేరిన తరువాత ఈ వ్యాధి మన దేశంలో వ్యాపించిందని మన పూర్వుల అభిప్రాయం. తమాషా ఏమిటంటే, ఆ రోజులలో ప్రతి దేశం వారూ ఈ జబ్బుకు పొరుగువారి పేరే పెట్టుకున్నారు. ఇటలీవారు ఫ్రెంచి జబ్బన్నారు, ఫ్రెంచివారు నేపుల్స్ జబ్బన్నారు, తురుష్కులు క్రైస్తవుల జబ్బన్నారు. రోగం మనది కాదు, పరాయివాడిది అనుకునే అలవాటు అంత పాతది. ఎయిడ్స్ వచ్చినప్పుడు కూడ మనం అదే చేశాం.

మందు ఇక్కడా అక్కడా ఒకటే, పాదరసం. మనవారు రసకర్పూరమన్నారు. చిగుళ్ళు వాచి, పళ్ళు కదిలి, నోటినిండా చొంగ కారితే మందు పనిచేస్తున్నదని లెక్క! రోగం నుండి బతికి మందు చేతిలో చచ్చినవారు ఎందరో. 1905లో జర్మనీలో షౌడిన్, హాఫ్‌మన్ సిఫిలిస్ సూక్ష్మజీవిని కనుగొన్నారు. 1910లో పాల్ ఎర్లిక్ తయారుచేసిన సాల్వర్సాన్ బజారులోకి వచ్చింది. 1943లో అమెరికాలో జాన్ మహోనీ నలుగురు సిఫిలిస్ రోగులకు పెన్సిలిన్ ఇచ్చి నయం చేసి చూపిన తరువాతనే పాదరసం యుగం నిజంగా ముగిసింది.

ఈ కథలో దక్షిణాదికీ, ఒక తెలుగువాడికీ గట్టి పాత్ర ఉన్నదని చాలామందికి తెలియదు. జననాంగాల మీద ఎర్రని, నొప్పి లేని పుండ్లు పెరిగే ఒక వ్యాధి ఉన్నది. దాని కణాలలో దాగిన సూక్ష్మజీవిని 1905లో మద్రాసులో చార్లెస్ డొనోవన్ వర్ణించాడు. ఆ వ్యాధికి డొనోవనోసిస్ అని పేరు. మద్రాసు వైద్యులు రాజం, రంగయ్య గార్లు దీనిపై రాసిన గ్రంథాన్ని 1954లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించింది. ఇలాంటి వ్యాధులకు పెద్ద దిక్కైన టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ దానిని కనుగొన్నప్పుడు అక్కడ పరిశోధనలకు అధిపతి మన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో ఆ మందు లోకానికి పరిచయమైంది, ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మీకు ఉచితంగా ఇచ్చే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోనిదే.

ఇక చట్టం సంగతి. 1868లో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టమని ఒకటి తెచ్చింది. పేరు చూసి కలరా అనుకోకండి. సైనికులకు సుఖవ్యాధులు రాకుండా వేశ్యలను పట్టుకుని, పేర్లు నమోదు చేసి, నిర్బంధంగా పరీక్షించే చట్టమది. జబ్బు కనిపిస్తే లాక్ హాస్పిటల్ అనే ఆస్పత్రిలో పెట్టి తాళం వేసేవారు. సికింద్రాబాదు కంటోన్మెంటులో కూడ అలాంటిది నడిచింది. స్త్రీని బంధించారు, సైనికుడిని అలా బంధించలేదు. వ్యాధులు తగ్గలేదు. ఎన్నో నిరసనల తరువాత 1888లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ అప్పుడు గద్వాల సంస్థానం, పక్కనే వనపర్తి, కొల్లాపురం ఏలుబడిలో జటప్రోలు, అన్నింటిమీదా నైజాం. తాళం ఇక్కడికి రాలేదు. కాని స్త్రీయే వ్యాధికి మూలమన్న భావం రావటానికి తాళం అక్కరలేదు కదా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఇటలీలో గాబ్రియేల్ ఫెలోపియో అనే శరీరశాస్త్రవేత్త ఉండేవాడు. స్త్రీ గర్భాశయానికి ఇరువైపులా ఉండే నాళాలను చక్కగా వర్ణించినవాడు. అందుకే వాటిని ఫెలోపియన్ నాళాలంటాం. మన ఊళ్ళలో పిల్లల ఆపరేషన్ అంటే ఆ నాళాలను కోసి ముడివేయటమే. ఆ ఫెలోపియో సిఫిలిస్ మీద కూడ ఒక పుస్తకం రాశాడు. ఆయన మరణించిన రెండేళ్ళకు, 1564లో అది అచ్చయింది. మందులో నానబెట్టిన నార గుడ్డ తొడుగును పురుషుడు ధరిస్తే వ్యాధి సోకదని, 1,100 మందిపై దానిని పరీక్షించానని అందులో రాశాడు. కండోమ్ గురించి మనకు దొరికే తొలి స్పష్టమైన వైద్య వర్ణన అది. ఆయన తొడుగును చెప్పినది వ్యాధి నివారణకు. పిల్లలు పుట్టకుండా ఆపడానికని చెప్పలేదు. ఒకే మనిషి పేరు నాళాలకు నిలిచింది, ఒకే మనిషి చేతినుండి తొడుగు కథ మొదలైంది. నాలుగు వందల ఏళ్ళ తరువాత ఈ రెండూ మన పాలమూరు పల్లెకు చేరేసరికి, నాళాలు కోసిన ఇంట్లో తొడుగు అనవసరమైన వస్తువైపోయింది.

అది ఎలా జరిగిందంటే, భారత ప్రభుత్వం 1952లో కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమంగా చేపట్టింది. ప్రపంచంలో ఇలా చేసిన మొదటి దేశం మనదే. 1965లో లూప్ వచ్చింది. రక్తస్రావం, నొప్పి గురించి ముందే చెప్పి, తరువాత చూసే మనుషులు లేక అది త్వరలోనే చెడ్డపేరు తెచ్చుకున్నది. 1966లో హిందుస్తాన్ లేటెక్స్ సంస్థ స్థాపించారు. 1968లో నిరోధ్ బజారులోకి దిగింది, మూడు తొడుగుల పొట్లం 15 పైసలు. టీ పొడి, సబ్బులు, సిగరెట్లు, బ్యాటరీలు అమ్మే పెద్ద కంపెనీల బండ్లలోనే అది కిరాణా దుకాణాలకు చేరింది. ఎర్ర త్రికోణం గోడలెక్కింది. ఆ ప్రచారాన్ని నేను తక్కువ చేయను, ఊరి దుకాణంలో అటువంటి వస్తువు దొరకటమే ఒక విప్లవం. కాని గోడమీది బొమ్మలో ఎప్పుడూ తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. నిరోధం అనే సంస్కృత పదానికి అడ్డుకొనుట అని అర్థం. దేనిని అడ్డుకొనుట అంటే బిడ్డను, అంతే. సెగను, సవాయిని అడ్డుకుంటుందని ఆ గోడ చెప్పలేదు. చెబితే సంసారులు ముట్టుకోరని పెద్దలు భయపడి ఉంటారు.

తరువాత ఎమర్జెన్సీ. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో సుమారు 83 లక్షల కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. వాటిలో దాదాపు 62 లక్షలు మగవారికి చేసిన వేసెక్టమీలు. ఉత్తర భారతంలో బలవంతం ఎంత ఘోరంగా సాగిందో, 1977 ఎన్నికలలో దాని ఫలితం ఏమైందో మీరు చదివే ఉంటారు. కుటుంబ నియంత్రణ అన్న మాటనే తీసేసి కుటుంబ సంక్షేమం అని పేరు మార్చారు. పేరుతో పాటు మరొకటి కూడ మారింది. మగవాడు బల్ల మీదినుండి లేచి వెళ్ళిపోయాడు, ఆ బల్ల మీద ఆడమనిషి పడుకున్నది. వేసెక్టమీ చిన్న ఆపరేషన్, పొట్ట తెరవనక్కరలేదు, పావుగంటలో ఇంటికి నడిచి పోవచ్చు. ట్యూబెక్టమీకి ఉదరంలోకి వెళ్ళాలి. అయినా 1980ల తరువాత లాపరోస్కోపు క్యాంపులలో బారులు తీరినవారంతా స్త్రీలే. మగవాడికి చేస్తే బరువు పని చేయలేడు, నాగలి పట్టలేడు అన్న అపోహ మన నల్లరేగడి గ్రామాలలో నేటికీ పోలేదు. తట్టలు మోసే ఆడమనిషికి మాత్రం ఆ బరువు లెక్కలోనికి రాలేదు!

ఇది మార్చరానిదేమీ కాదు. 1990ల చివరి ఏళ్ళ నుండి మన రాష్ట్రంలోనే కరీంనగర్ జిల్లాలో కోత లేని వేసెక్టమీకి మగవారు వేల సంఖ్యలో ముందుకు వచ్చారు. అధికారులు, వైద్యులు పట్టుబట్టి, ఆపరేషన్ చేయించుకున్నవారి చేతనే ఊరూరా చెప్పించారు. పాలమూరులో ఆ ఊపు రాలేదు.

ఆంధ్రప్రదేశ్ 1997లో జనాభా విధానం ప్రకటించింది. ఫలితాలు అంకెలలో అద్భుతం. ఒక స్త్రీకి సగటున కలిగే పిల్లల సంఖ్య 1992-93 సర్వేలో 2.6 ఉంటే, 2005-06 నాటికి 1.8కి దిగింది. ఇంత తక్కువ కాలంలో ఇంత తగ్గుదలను ప్రపంచం మెచ్చుకున్నది. ఆ తగ్గుదల దాదాపు మొత్తం స్త్రీల ఆపరేషన్ల మీదనే నిలిచింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 62 మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవారు. కండోమ్ వాడే దంపతులు అతి స్వల్పం. ఒక్క క్షణం ఆగి ఈ లెక్క చూడండి. పద్దెనిమిదికి పెళ్ళి, ఇరవై మూడు, ఇరవై నాలుగుకు ఇద్దరు పిల్లలు, వెంటనే ఆపరేషన్. అక్కడి నుండి మరొక ఇరవై, ముప్పై ఏళ్ళ సంసార జీవితం ఉన్నది. ఆ ఇరవై, ముప్పై ఏళ్ళు ఆ ఇంట్లోకి తొడుగు రాదు. గర్భం భయం లేదు గనుక అడిగే సందర్భమే రాదు. ఎప్పుడైనా ఆమె అడిగితే, "ఎవడితోనైనా ఉన్నావా?" అన్న ప్రశ్న వస్తుంది, భర్తే తెస్తే, "నువ్వెక్కడికి పోయొచ్చినవు?" అన్న ప్రశ్న.

క్యాంపుల విషయం కూడ ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ జిల్లాలో ఒక్క శిబిరంలో 83 మందికి ఆపరేషన్లు చేస్తే 13 మంది చనిపోయారు. 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ళలో శిబిరాల పద్ధతిని ఆపమన్నది. 2022 ఆగస్టులో, నాగర్‌కర్నూలుకు పొరుగునే ఉన్న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి చేసిన ఆపరేషన్ల తరువాత నలుగురు యువతులు మరణించారు. వీరంతా ఆరోగ్యవంతులు. జబ్బుతో వచ్చినవారు కారు.

ఇక వలస. కృష్ణ, తుంగభద్ర రెండూ ఒరుసుకుంటూ పోయే జిల్లా, కాని పొలానికి నీరు రాలేదు. శ్రీశైలం ప్రాజెక్టు నీటిలో అలంపురం, కొల్లాపురం తాలూకాల ఊళ్ళు 1980 ప్రాంతాల్లో మునిగాయి. భూమి పోయినవాడు, భూమి ఉండి వాన లేనివాడు ఇద్దరూ ఒకే బస్సెక్కారు. పాలమూరు లేబరు అన్న పేరు దేశమంతటా ఆనకట్టల దగ్గర, కాలువల దగ్గర, బొంబాయి, పూణె నిర్మాణ స్థలాల దగ్గర మారుమోగింది. గుంపు మేస్త్రీ దసరా, దీపావళి ముందు ఊరికి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు, ఆ అప్పు తీరేదాకా మనిషి అతడిది.

ఇక్కడ ఒక సవరణ చేయాలి. వలస అంటే మగవాడు ఒంటరిగా పోయి రోగం తెచ్చుకుని భార్యకు అంటించటం అని పుస్తకాలు రాస్తాయి. మట్టి పనికి పాలమూరు నుండి పోయినది ఎక్కువగా జంటలు. మగవాడు తవ్వితే ఆడది తట్ట మోయాలి, ఒంటరివాడికి అడ్వాన్సు తక్కువ. ముసలివారు, చంటిపిల్లలు ఊళ్ళో మిగిలేవారు. అందువల్ల గుడిసెలో తలుపు లేని బతుకు, మేస్త్రీ ఆగడాలు, పరాయి రాష్ట్రంలో భాష రాని ఆస్పత్రి, ఇవన్నీ భార్యకు కూడ పంచి ఇచ్చిన వలస అది. జబ్బు చేస్తే చూపించుకోవడానికి సెలవు లేదు, సెలవు పెడితే కూలి లేదు. గజ్జల్లో బిళ్ళ కట్టినా, పుండు పడినా, మెడికల్ షాపు వాడు ఇచ్చిన నాలుగు మాత్రలే వైద్యం. సగం మందుతో సూక్ష్మజీవి చావదు, మొండికెత్తుతుంది. గనోరియాకు ఒకప్పుడు బ్రహ్మాండంగా పనిచేసిన సిప్రోఫ్లాక్సాసిన్‌ను ఇప్పుడు ఆ జబ్బుకు మేము రాయము, అది పనిచేయటం మానేసి చాలా ఏళ్ళయింది.

ఊళ్ళోనే మరొక గాయం ఉన్నది. గద్వాల, నారాయణపేట వైపు దళిత కుటుంబాల ఆడపిల్లలను దేవత పేరిట విడిచిపెట్టే జోగిని ఆచారం. పోతురాజుతో పెళ్ళని పేరు, ఆ పిల్ల ఊరి మగవారందరిదీ అని అర్థం. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దీనిని నిషేధిస్తూ చట్టం చేసింది. నిజామాబాదు జిల్లాలో లవణం, హేమలతా లవణం దంపతులు సంస్కార్ సంస్థ ద్వారా జోగినులకు కొత్త జీవితం చూపటానికి ఎంతో శ్రమించారు. లవణం గోరా గారి కుమారుడు, హేమలత జాషువా గారి కుమార్తె. గోరా గారి మరొక కుమారుడు డాక్టర్ సమరం, పత్రికలలో సెక్స్ సందేహాలకు సూటిగా సమాధానాలు రాసి ఒక తరం తెలుగువారి సిగ్గును కొంత తగ్గించినవారు. ఒకే ఇల్లు ఈ రెండు పనులూ చేసింది. మా వంటి వైద్యులకు ఆస్పత్రి గదిలో చెప్పే తీరిక దొరకని మాటలను ఆ శీర్షికలు చెప్పాయి.

1986లో మద్రాసులో సెల్లప్పన్ నిర్మల అనే యువ పరిశోధకురాలు, తన గురువు డాక్టర్ సునీతి సోలమన్ మార్గదర్శకత్వంలో వంద మంది స్త్రీల రక్త నమూనాలను సేకరించి పరీక్షకు పంపింది. ఆరింటిలో హెచ్.ఐ.వి. కనిపించింది. దేశంలో అదే తొలి రుజువు. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, 1998లో రాష్ట్ర సంస్థ ఏర్పడ్డాయి. 2000ల తొలి ఏళ్ళలో, "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న హోర్డింగు మన రోడ్ల నిండా వెలిసింది. ఎవరీ పులిరాజా అని బస్సుల్లో వాదించుకున్నారు, సినిమాల్లో హాస్యమైంది. ఆ ప్రచారం మాటను బయటికి తెచ్చింది, అందుకు దానికి నా నమస్కారం. కాని పులిరాజా అల్లరి మగవాడు. అతడి భార్య ఆ హోర్డింగు మీద లేదు.

2005-06 సర్వేలో 15 నుండి 49 ఏళ్ళవారిలో నూటికి 0.28 మందికి దేశంలో హెచ్.ఐ.వి. ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 0.97 ఉన్నది. మూడింతలకు మించి. పాత ఏడవ నంబరు, నేటి 44వ నంబరు జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరు మీదుగా అలంపురం చౌరస్తా దాటి కర్నూలు చేరుతుంది. ఆ దారి పక్క ధాబాల దగ్గర, లారీల దగ్గర 2003 తరువాత గేట్స్ ఫౌండేషన్ సహాయంతో ఆవాహన్ కార్యక్రమం రాష్ట్రంలో నడిచింది. సెక్స్ వర్కర్లు తమలో తామే సంఘాలు కట్టుకుని, తొడుగు లేనిదే ఒప్పుకోమని నిలబడ్డారు. వ్యాధి తగ్గటానికి అతి ముఖ్య కారణాలలో అది ఒకటి. విచిత్రం చూడండి, రోజూ ఎందరినో కలిసే స్త్రీ తొడుగు అడగగలిగింది. ఒక్క భర్త తప్ప మరొకరు తెలియని ఇల్లాలు అడగలేకపోయింది. ప్రమాదం ఎక్కువ ఉన్న వర్గాల పట్టికలో ఆమె పేరు లేదు. గర్భిణిగా ఉన్నప్పుడు రక్తపరీక్షలో బయటపడితేనే ఆమె లెక్కలోకి వచ్చింది. పిల్లల ఆపరేషన్ అయిపోయినామెకు గర్భం రాదు, ఆ పరీక్ష కూడ రాదు. భర్త మంచాన పడ్డాకనో, పోయాకనో తెలిసేది. ఆ తరువాత అత్తవారు ఆమెనే నిందించి, పుట్టింటికి పంపిన సందర్భాలు మా జిల్లా వైద్యులకు కొత్త కావు.

2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా ఏ.ఆర్.టి. మందులు ఇవ్వటం మొదలుపెట్టింది. 2017 నుండి హెచ్.ఐ.వి. ఉన్నదని తేలిన వెంటనే, రక్తకణాల లెక్కతో పని లేకుండా, మందు ఇస్తున్నారు. రోజుకొక మాత్ర. క్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిచినవారి నుండి సంభోగం ద్వారా వ్యాధి సోకదు. ఇది నా వృత్తి జీవితంలో చూసిన అతి పెద్ద మార్పు. 2021 అంచనాలలో తెలంగాణలో వయోజనులలో హెచ్.ఐ.వి. 0.47 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, దేశ సగటు 0.21. తగ్గింది, కాని సగటుకు రెండింతలకు పైనే ఉన్నాం.

హెచ్.ఐ.వి. మీద ఇంత వెలుగు పడినందువల్ల మిగతా సుఖవ్యాధులు నీడలోకి పోయాయి. తెల్లబట్ట సంగతి తీసుకోండి. అది అన్ని వేళలా సుఖవ్యాధి కాదు. బూజువంటి ఫంగస్ వల్ల పెరుగులాంటి విరుపులతో, దురదతో రావచ్చు. సహజంగా ఉండే సూక్ష్మజీవుల సమతుల్యం చెడి చేపవాసనతో రావచ్చు. నెలలో కొన్ని రోజులు ఏ జబ్బూ లేకుండా కూడ రావచ్చు. గనోరియా, క్లామీడియా వంటివి మాత్రం స్త్రీలో చాలాసార్లు ఏ లక్షణమూ చూపకుండానే నాళాలను పాడుచేస్తాయి. వీటికి జాతీయ కార్యక్రమంలో రంగు పెట్టెలున్నాయి. బూడిద రంగుది పురుషుడి మూత్రనాళపు చీముకు, స్త్రీ గర్భాశయ ముఖద్వారపు వాపుకు. ఆకుపచ్చ పెట్టె యోని స్రావాలకు. తెల్లది పుండ్లకు, పెన్సిలిన్ పడనివారికి అదే పనికి నీలం. ఎర్రది హెర్పిస్ పొక్కులకు. పసుపు పొత్తికడుపు నొప్పికి. నల్లది గజ్జల్లో బిళ్ళలకు. జిల్లా ఆస్పత్రిలోని సురక్ష క్లినిక్‌లో ఉచితంగా ఇస్తారు. లోపల మందుతో పాటు ఒక నియమం కూడ ఉన్నది: చాలా జబ్బులలో భర్తకు కూడ మందు ఇవ్వాలి. భార్య ఒక్కతే వాడితే పది రోజులలో మళ్ళీ మొదటికి వస్తుంది.

ఆ నియమం పాటించకపోవటం వల్ల ఏం జరుగుతున్నదో చెబుతాను. తెల్లబట్ట తగ్గలేదు, మళ్ళీ వచ్చింది, మూడవసారి వచ్చింది. అప్పుడెవరో, "గర్భసంచి పాడైంది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది, తీసేయాలి" అంటారు. పిల్లలు పుట్టటం అయిపోయింది గనుక, ఆపరేషన్ కూడ అయింది గనుక, ఇంక ఆ సంచితో ఏం పని అని ఇంటివారు సరేనంటారు. 2015-16 సర్వేలో దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు నూటికి 3.2 మంది, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలో అన్నింటికన్నా ఎక్కువ మన తెలుగు రాష్ట్రాలలోనే. ఏడు రోజుల మాత్రలతో, భర్త సహకారంతో పోవలసిన జబ్బుకు ఒక అవయవం, అప్పు తెచ్చిన సొమ్ము పోతున్నాయి. నలభై ఏళ్ళు నిండకుండానే గర్భసంచితో పాటు అండాశయాలు కూడ తీస్తే ఎముకలు, గుండె బలహీనపడతాయి. తెల్లబట్ట ఒక్కటే కారణంగా ఎవరైనా గర్భసంచి తీయమంటే, దయచేసి మరొక వైద్యురాలిని కలవకుండా ఒప్పుకోకండి. గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించమని అడగండి. క్యాన్సర్ భయం ఉంటే తేల్చేది అదే.

మరి ఆపరేషన్ అయిన ఇంట్లో తొడుగు ఎప్పుడు కావాలి? దంపతులలో ఎవరికైనా స్రావమో, పుండో ఉండి మందు వాడుతున్నంత కాలం కావాలి. నెలల తరబడి విడిగా ఉండి వచ్చిన తరువాత, ఇద్దరూ పరీక్ష చేయించుకునేదాకా కావాలి. హెచ్.ఐ.వి. సోకిన తొలి వారాలలో పరీక్ష తప్పు చూపవచ్చు, కాబట్టి మూడు నెలలకు మరొకసారి చేయించాలి. ప్రమాదం జరిగిందని అనుమానం వస్తే 72 గంటలు దాటకుండా ఆస్పత్రికి పోతే వ్యాధి రాకుండా 28 రోజుల మందు ఉన్నది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. భర్త వేసెక్టమీ చేయించుకున్నా మూడు నెలలపాటు, వీర్యపరీక్షలో కణాలు లేవని తేలేదాకా తొడుగు తప్పదు. పొట్లం మీద గడువు తేదీ చూడండి, జేబులో పర్సులో నెలల తరబడి ఉంచితే రబ్బరు పాడవుతుంది, కొబ్బరి నూనె రాస్తే చిరుగుతుంది. గర్భిణులకు తొలి నెలల్లోనే హెచ్.ఐ.వి.తో పాటు సిఫిలిస్ పరీక్ష కూడ చేయించండి. తల్లికి సకాలంలో ఇచ్చిన పెన్సిలిన్ సూది కడుపులోని బిడ్డను కూడ కాపాడుతుంది.

వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. చర్మ, సుఖవ్యాధుల వైద్యం కోసం హైదరాబాదు బస్సెక్కవలసిన పని తగ్గింది. 2017లో చేసిన హెచ్.ఐ.వి. చట్టం 2018 సెప్టెంబరు నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారం మీ అనుమతి లేనిదే పరీక్ష చేయరాదు, ఫలితం మరొకరికి చెప్పరాదు, ఉద్యోగంలోనూ వైద్యంలోనూ వివక్ష చూపరాదు. ఎవరినీ ఎదురుగా అడగలేకపోతే 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి, పేరు చెప్పకుండానే తెలుగులో మాట్లాడవచ్చు. పరీక్షకు వెళ్ళేటప్పుడు మాత్రం ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఆమెను ఒంటరిగా పంపి బయట బీడీ కాల్చే అలవాటు మన దగ్గర ఎక్కువ.